క్యాంపస్‌లో బొగ్గు, డీజిల్, గ్యాస్ వదిలించుకోవడం: ముందు ఫ్యాన్లు, తర్వాతే ప్యానెళ్లు

నెల్లూరు దగ్గర నేను కరెంటు పనులు చూసే కాలేజీలో సోలార్ ప్లాంట్ పెట్టిన నెలలోనే ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఏప్రిల్ ఎండ. మిద్దె మీద వంద కిలోవాట్ల ప్యానెళ్లు తళతళా మెరుస్తున్నాయి. కింద షెడ్డులో జనరేటర్ డగడగలాడుతూ నల్లటి పొగ వదులుతోంది. వాచ్‌మన్ ఒకసారి పైకి, ఒకసారి షెడ్డు వైపు చూసి, "ఏంది సార్, ఇంత ఎండ పెట్టుకొని డీజిల్ తాగిస్తన్నారు?" అన్నాడు. సమాధానం నాకు తెలుసు. కానీ అది ప్లాంట్ పెట్టకముందు కమిటీ మీటింగులో చెప్పి ఉండాల్సింది.

అప్పుడు తిరగేసి చేసిన పనులన్నీ సరైన వరసలో పెట్టి ఇక్కడ రాస్తున్నాను. కాకుటూరు లాంటి యూనివర్సిటీ క్యాంపస్ కావచ్చు, ఒంగోలు, కావలి వైపు హాస్టళ్లున్న కాలేజీ కావచ్చు, వరస ఒకటే.

1. మూడు పుస్తకాలు ముందేసుకోండి

ప్యానెళ్ల కంపెనీకి ఫోన్ చేసేముందు మూడు లెక్కలు కావాలి. పన్నెండు నెలల హెచ్‌టి (హై టెన్షన్, పెద్ద వాడకందార్లకి ఇచ్చే లైన్) కరెంటు బిల్లులు, జనరేటర్ డీజిల్ రిజిస్టర్, మెస్ గ్యాస్ సిలిండర్ల రసీదులు. బస్సులుంటే వాటి డీజిల్ నాలుగో పుస్తకం.

క్యాంపస్‌లో బొగ్గు ఎక్కడా కనపడదు కాబట్టి చాలామంది దాన్ని లెక్కలోకే తీసుకోరు. కృష్ణపట్నం రేవు పక్కన నేలటూరులో బొగ్గుతో నడిచే దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో ఒక్కో యంత్రం 800 మెగావాట్లది. కచ్చితంగా ఆ కరెంటే మన ఫ్యాన్ తిప్పుతోందని చెప్పలేం, గ్రిడ్‌లో అంతా కలిసిపోతుంది. కానీ దేశం మొత్తం మీద గ్రిడ్ నుంచి ఒక యూనిట్ తీసుకుంటే సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసినట్టే. డీజిల్ లీటరుకి 2.7 కిలోలు. 19 కిలోల కమర్షియల్ గ్యాస్ సిలిండర్‌కి 57 కిలోలు. ఈ మూడు అంకెలతో మీ పుస్తకాలను గుణిస్తే ఎక్కడ ఎంత మండుతోందో ఒక పేజీలో తేలిపోతుంది. మామూలుగా కరెంటే పెద్ద వాటా. డీజిల్ వాటా చిన్నదే, కానీ యూనిట్ ధరలో దాన్ని మించింది లేదు. లీటరు వంద రూపాయల దగ్గర ఉంటే, లీటరుకి మూడు, మూడున్నర యూనిట్లు వస్తాయి గనక యూనిట్ ముప్పై రూపాయలు పడుతుంది.

బిల్లులో యూనిట్లతో పాటు గరిష్ఠ డిమాండ్ (ఒకేసారి లాగిన అత్యధిక లోడ్) ఎంత, ఏ నెలలో వచ్చింది, పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో నిజంగా పనికొచ్చిన వంతు) ఎంత అన్నవి కూడా రాసుకోండి. తర్వాత ఎలక్ట్రీషియన్‌కి టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే సాధనం) ఇచ్చి వారం రోజుల్లో రెండు రీడింగులు తీయించండి. ఒకటి ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకి, రెండోది మామూలు రోజు రాత్రి పదికి. మొదటిది మీ ప్లాంట్ సైజు చెబుతుంది. రెండోది సోలార్‌తో ఏది తీరదో చెబుతుంది.

2. వాడకం తగ్గించండి

ఈ మెట్టు ఎవరికీ నచ్చదు. రిబ్బన్ కత్తిరించడానికి ఏమీ ఉండదు మరి. లెక్క చూడండి. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు. తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు. క్యాంపస్‌లో 1,500 ఫ్యాన్లు, రోజుకి పది గంటలు, ఏడాదికి 240 రోజులు తిరుగుతాయనుకుంటే మిగిలేది 1,62,000 యూనిట్లు. మన ఎండకి ఒక కిలోవాట్ ప్లాంట్ ఏడాదికి 1,400 నుంచి 1,500 యూనిట్లు ఇస్తుంది. అంటే ఈ ఫ్యాన్లు మార్చడం, 110 కిలోవాట్ల ప్లాంట్ పెట్టడం ఒకటే. పైగా ఫ్యాన్ రాత్రి కూడా ఆదా చేస్తుంది. ప్యానెల్ చేయదు.

అన్నీ ఒకేసారి మార్చక్కర్లేదు. ఎక్కువ గంటలు తిరిగేవి హాస్టల్ ఫ్యాన్లు, అక్కడ మొదలుపెట్టండి. సెమినార్ హాల్ ఫ్యాన్ నెలకి నాలుగు గంటలు తిరుగుతుంది, అది పాడయ్యేదాకా ఉండనివ్వండి. పాత ట్యూబ్‌లైటు చోక్‌తో కలిపి 50 వాట్ల పైన తింటుంది, ఎల్‌ఈడీ 20లో సరిపెట్టుకుంటుంది. పై అంతస్తు మిద్దెలకి తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయిస్తే రోహిణీ కార్తెలో ఆ గదుల్లో ఉండేవాళ్లకి తేడా తెలుస్తుంది. బోరు మోటార్లను టైమర్ పెట్టి ఉదయం పది తర్వాతే ఆడించండి, రేపు సోలార్ వచ్చాక ఆ నీళ్లు ఎండతోనే ఎక్కుతాయి.

డిమాండ్ తగ్గాక డిస్కంకి (కరెంటు పంపిణీ సంస్థకి) దరఖాస్తు పెట్టి కాంట్రాక్టెడ్ డిమాండ్ (ఇంతవరకు వాడతామని ఒప్పుకున్న లోడ్) తగ్గించుకోవడం మర్చిపోవద్దు. మన రాష్ట్రంలో హెచ్‌టి వాళ్లకి, వాడినా వాడకపోయినా, ఒప్పుకున్న డిమాండ్‌లో 80 శాతానికి ఛార్జీ పడుతుంది. తగ్గించుకోకపోతే ఆ మేరకు ఆదా కాగితం మీదే ఉండిపోతుంది.

3. మిద్దె ఎక్కి చూడండి

కిలోవాట్‌కి సుమారు వంద చదరపు అడుగులు కావాలి. బిల్డింగ్ ప్లాన్ చూసి గుణించేవాళ్లు మోసపోయేది ఇక్కడే, ప్లాన్‌లో నీడలు ఉండవు. మా మొదటి ప్లాంట్‌లో ఒక వరస డిసెంబర్ అంతా సగం కూడా ఇవ్వలేదు. ఉదయం తొమ్మిదికి నేనే వెళ్లి నిలబడి చూశాను. మూడు మీటర్ల ఎత్తు నీళ్ల ట్యాంకు నీడ ఐదు మీటర్లు పాకి ఆ వరసలో రెండు ప్యానెళ్ల మీద అడ్డంగా పడి ఉంది. ఒక స్ట్రింగ్‌లో ప్యానెళ్లు గొలుసులా కలిసి ఉంటాయి కాబట్టి రెండింటి మీద పడ్డ నీడ మొత్తం వరసను లాగేస్తుంది. ఇంకో సంగతి: ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు మధ్య దాకా మనకు మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిని దాటి ఉత్తరం వైపు ఉంటాడు. ట్యాంకుకి దక్షిణాన ఉన్నాం కదా అని నిశ్చింతగా ఉండకండి. దక్షిణం వైపు 10 నుంచి 15 డిగ్రీల వాలు మనకు చాలు.

గాలి సంగతి ఇంకా ముఖ్యం. భవనాల గాలి లెక్కకి వాడే భారత ప్రమాణంలో నెల్లూరుకి తీసుకునే ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేముందు మన తీరం వెంబడే వెళ్లింది. ప్యానెల్ స్టాండ్ డ్రాయింగ్ మీద ఈ అంకె రాసి, స్ట్రక్చరల్ ఇంజినీర్ సంతకం ఉండాల్సిందే. సిమెంటు దిమ్మెలు ఊరికే మిద్దె మీద పెట్టి స్టాండ్లు బిగించే పద్ధతి లోపలి జిల్లాల్లో నడుస్తుందేమో, మనకి పనికిరాదు. దిమ్మె శ్లాబుతో కలవాలి, కలిసినచోట వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయాలి. సముద్రపు ఉప్పుగాలికి మామూలు పెయింట్ కొట్టిన ఇనుము రెండు వానాకాలాల్లో తుప్పు కారుతుంది. హాట్ డిప్ గాల్వనైజ్డ్ స్టాండ్, స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు అడగండి.

4. సైజు, డబ్బు, డిస్కం

నెల్లూరు వాళ్లు తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కంకి, ఒంగోలు వాళ్లు విజయవాడ కేంద్రంగా ఉన్న సీపీడీసీఎల్‌కి వెళ్లాలి. కేంద్రం 2021లో చేసిన నిబంధన ప్రకారం నెట్ మీటరింగ్ (గ్రిడ్‌కి పంపిన యూనిట్లను బిల్లులో తగ్గించే పద్ధతి) 500 కిలోవాట్లు లేదా మంజూరైన లోడ్, ఏది తక్కువైతే అంతవరకు. సెక్షన్ ఏఈతో మొదలుపెట్టండి. మీ ట్రాన్స్‌ఫార్మర్, మీ ఫీడర్ ఎంత తట్టుకుంటాయో ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలీదు. మీటరు మార్చడం, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ అనుమతి రెండూ కలిపి నెలలు పట్టొచ్చు. ప్యానెళ్లు ఎక్కించాక కాకుండా ముందే కదపండి. ఇళ్లకి ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ కాలేజీకి రాదు. ఆ మాట చెప్పి ఎవరైనా అడ్వాన్స్ అడిగితే టీ ఇచ్చి పంపేయండి.

సైజుకి కాలేజీ క్యాలెండర్ చూడాలి. ఎండ బాగా కాసే మే నెలలో క్యాంపస్ ఖాళీ. నెట్ మీటరింగ్ దొరికితే ఆ కరెంటు గ్రిడ్‌కి వెళ్లి లెక్కలో ఉంటుంది. దొరకకపోతే మొదటి మెట్టులో తీసిన ఆదివారం రీడింగ్‌కి మించి పెట్టకండి. మన జిల్లాల్లో ఉత్పత్తి పడిపోయేది తొలకరి వానల్లో కాదు, ఈశాన్య రుతుపవనాలప్పుడు, అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. అప్పుడే సెమిస్టర్ జోరు మీద ఉంటుంది. మే నెల వేడిలో కూడా ప్యానెల్ తన పూర్తి శక్తి చూపించదు. సెల్ 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి 0.35 శాతం దాకా తగ్గుతుంది. మిద్దె మీద ప్యానెల్ 65 డిగ్రీలకి కాగినప్పుడు వందకి పద్నాలుగు పోయినట్టే. ఫిబ్రవరి, మార్చి మనకి మంచి నెలలు.

డబ్బుకి రెండు దారులు. సొంతంగా కొనడం ఒకటి. రెండోది రెస్కో: కంపెనీ తన ఖర్చుతో పెట్టి, పాతికేళ్లు యూనిట్‌కి ఇంత అని తీసుకుంటుంది. ఆదాయపు పన్ను కట్టే కంపెనీకి ప్లాంట్ మీద ఏడాదికి 40 శాతం తరుగుదల లెక్క చూపించుకునే వీలుంది. పన్నే కట్టని యూనివర్సిటీకి ఆ లాభం లేదు. అందుకే చేతిలో డబ్బులేని ప్రభుత్వ క్యాంపస్‌కి రెస్కో తప్పు కాదు. కానీ ఒప్పందంలో మూడు చోట్ల ఆగి చదవండి. హామీ కిలోవాట్లలో కాకుండా ఏడాదికి ఇన్ని యూనిట్లని ఉండాలి. మిద్దె కారితే ప్యానెళ్లు ఎవరు విప్పి మళ్లీ బిగించాలో రాసి ఉండాలి. "డీమ్డ్ జనరేషన్" (తయారుకాని కరెంటునీ తయారైనట్టే లెక్కగట్టడం) అనే మాట కనపడితే, కరెంటు లేనప్పుడు, సెలవుల్లో ఎవరి నెత్తిన పడుతుందో అడగండి. మా లీగల్ సెక్షన్ ఆయన నలభై పేజీలు చదివి ఈ ఒక్క మాట వదిలేశాడు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. ప్లాంట్ నడిచిన మొదటి నెల బిల్లు మేం అనుకున్నంత తగ్గలేదు. అకౌంట్స్ వాళ్లు నన్ను దొంగను చూసినట్టు చూశారు. విషయం ఏమిటంటే, మన హెచ్‌టి బిల్లు కెవిఏహెచ్‌ల మీద, అంటే పని చేసే కరెంటుతో పాటు రియాక్టివ్ పవర్‌ని (మోటార్లలో అయస్కాంతం కోసం అటూ ఇటూ తిరిగే కరెంటు) కూడా కలిపి వస్తుంది. పగలు 200 కిలోవాట్ల లోడ్, 0.95 పవర్ ఫ్యాక్టర్ అనుకోండి. సోలార్ 150 కిలోవాట్లు ఇస్తే గ్రిడ్ నుంచి 50 తీసుకుంటే చాలు. కానీ మోటార్లకి, ఏసీలకి కావలసిన 66 కెవిఏఆర్ రియాక్టివ్ పవర్ ఇంకా గ్రిడ్ నుంచే వస్తుంది. మీటరు 50 చూపించదు, 83 కెవిఏ చూపిస్తుంది. పవర్ ఫ్యాక్టర్ 0.6కి పడిపోయిందన్నమాట. మందు సులువే: ఇన్వర్టర్ సెట్టింగుల్లో రియాక్టివ్ పవర్ కూడా ఇచ్చేలా పెట్టడం, రియాక్టివ్ పవర్ అందించే కెపాసిటర్ ప్యానెల్ సీటీ (కరెంటు కొలిచే కాయిల్) గ్రిడ్ లైన్ లోపలికి వచ్చేచోట ఉందో లేదో చూసుకోవడం. ప్లాంట్ అప్పగించే రోజే ఇవి చేయించుకోండి.

5. జనరేటర్

వాచ్‌మన్ ప్రశ్నకి జవాబు ఇది. గ్రిడ్‌కి కట్టిన సోలార్ ఇన్వర్టర్ కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. లైన్ మీద లైన్‌మన్ పని చేస్తుంటే మన మిద్దె మీది కరెంటు వెళ్లి అతన్ని కొట్టకూడదు కదా. ఎండ ఎంత ఉన్నా ఇంతే.

బయటపడటానికి దారులున్నాయి. చవకైనది సోలార్‌ని, డీజిల్ జనరేటర్‌ని కలిపి నడిపే పీవీ-డీజీ కంట్రోలర్. జనరేటర్ నడుస్తున్నప్పుడు సోలార్ దానితో జతకడుతుంది. జనరేటర్‌ని 30 శాతం లోడ్ కంటే కిందికి పోనివ్వకూడదు, పోతే ఇంజిన్ మసిపడుతుంది. 200 కెవిఏ జనరేటర్ అంటే 160 కిలోవాట్లు, అందులో 30 శాతం 48. క్యాంపస్ లోడ్ 120 ఉంటే మిగతా 72 సోలార్ మోస్తుంది. డీజిల్ దాదాపు సగానికి వస్తుంది. పగలు మాత్రమే సుమా.

రెండోది బ్యాటరీ. మొత్తం క్యాంపస్‌కి బ్యాటరీ పెట్టాలనుకుంటే కొటేషన్ చూసి కళ్లు తిరుగుతాయి. సర్వర్ రూమ్, పరీక్షల విభాగం, ల్యాబ్ ఫ్రిజ్‌లు, హాస్టల్ లైట్లు, ఫ్యాన్లు, ఇవన్నీ విడదీసి ఒక ప్యానెల్ మీదకి తేవాలి. అసలు కష్టం ఈ వైరింగ్ పనే, సెలవుల్లో పెట్టుకోండి. ఆ ప్యానెల్‌కి మాత్రం లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, కరెంటు పోయినా బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్. బ్యాటరీ గదిని సెల్లార్‌లో పెట్టొద్దు. 2015 నవంబర్ వరదలు చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. జనరేటర్‌ని మాత్రం అమ్మేయకండి, తుఫాను రోజులకి ఉంచండి.

6. మెస్

ఇక్కడ తొందర పనికిరాదు. గ్యాస్ తీసేసి ఇండక్షన్ పెడితే పచ్చదనం వచ్చేసినట్టేనని అనుకుంటారు. 19 కిలోల సిలిండర్‌లో ఉన్న వేడి సుమారు 240 యూనిట్లు. మంటలో సగం దాకా గాలికే పోతుంది కాబట్టి అదే వంట ఇండక్షన్ మీద 150 యూనిట్లతో అవుతుంది. ఆ 150 గ్రిడ్ నుంచే తీసుకుంటే 105 కిలోల కార్బన్ డయాక్సైడ్. సిలిండర్ అయితే 57. పొయ్యి శుభ్రమైంది, పొగ నేలటూరు గొట్టంలోకి మారింది. అందుకే సోలార్ మిగులు చేతికొచ్చాకే వంటింటి జోలికి వెళ్లాలి. మధ్యాహ్నం వంట తొమ్మిది నుంచి పన్నెండు మధ్య నడుస్తుంది, ఎండకి సరిగ్గా కుదురుతుంది. ముందు అన్నం, పప్పు, సాంబారు ఆవిరి మీదకి తెండి. తిరుమలలో 2002లోనే సూర్యరశ్మిని డిష్‌లతో పట్టి ఆవిరితో వంట మొదలుపెట్టారు.

వంటవాళ్లని కూర్చోబెట్టి మాట్లాడకుండా ఏమీ చేయకండి. మా మెస్ పెద్ద వంటామె ఇండక్షన్ చూసి, "చేపల పులుసు దీని మీద ఎట్ట మగ్గద్ది సార్, సెగ కనపడొద్దా?" అంది. ఆమె మాట నిజమే, ఆమె చేయి మంట చూసి కొలుస్తుంది. రెండు గ్యాస్ పొయ్యిలు తాళింపులకి, పులుసుకి ఉంచేశాం. మిగతావి ఆవిరికి మార్చాం. గొడవ లేదు.

ఎంగిలి అన్నం, కూరగాయల తుక్కుకి బయోగ్యాస్ ప్లాంట్ మంచిదే, అతిగా ఆశించకండి. రోజుకి వంద కిలోల తుక్కు వేస్తే ఎనిమిది, పది ఘనపు మీటర్ల గ్యాస్, అంటే నాలుగు కిలోల ఎల్‌పీజీ పాటి. ఒక సిలిండర్‌కి దాదాపు ఐదు రోజుల తుక్కు. పొదలకూరు నిమ్మకాయలు చవగ్గా వచ్చిన వారం తొక్కలన్నీ అందులో పోశారంటే ట్యాంకు పులిసి గ్యాస్ ఆగిపోతుంది. అప్పుడు కాస్త సున్నం నీళ్లు కలిపి, రెండు మూడు రోజులు ఏమీ వేయకుండా వదిలేయాలి.

వేడినీళ్లకి మనకి పెద్ద ఖర్చు లేదు, డిసెంబర్, జనవరి దాటితే ఎవరూ అడగరు. గీజర్లు పాడైనప్పుడు హీట్ పంప్ పెట్టుకుంటే చాలు.

7. బస్సులు

కాలేజీ బస్సు ఉదయం పిల్లల్ని దించి, సాయంత్రం నాలుగు దాకా షెడ్డులోనే నిలబడుతుంది. సోలార్ పని చేసే గంటలూ అవే. ఊళ్లో తిరిగే ఆర్టీసీ బస్సుకి ఈ వెసులుబాటు లేదు. కావలి నుంచి నెల్లూరు రాకపోకలకి వంద కిలోమీటర్ల పైచిలుకు. ఎలక్ట్రిక్ బస్సు కిలోమీటర్‌కి ఒక యూనిట్ దాకా తింటుంది, వంద యూనిట్లకి పాతిక కిలోవాట్ల ప్యానెళ్లు. బస్సు షెడ్డు రేకుల మీదే అవి పడతాయి. కొత్త బస్సు కొనాల్సిన ఏడాది ఒకటి ఎలక్ట్రిక్ తీసుకుని, రెండు వేసవులు నడిపి చూశాక తర్వాతిది కొనండి.

8. రాత్రి కరెంటు

ఇంత చేసినా రాత్రి పదింటి రీడింగ్ అక్కడే ఉంటుంది. నెట్ మీటర్ లెక్కలో సున్నా వచ్చినా, రాత్రి హాస్టల్‌లో ఫ్యాన్లు తిప్పేది చాలావరకు బొగ్గే, ఈ మాట పిల్లలకి దాచకుండా చెప్పండి. దీనికి గ్రీన్ ఎనర్జీ ఓపెన్ యాక్సెస్ ఉంది, అంటే పునరుత్పాదక కరెంటుని వేరేవాళ్ల దగ్గర కొని గ్రిడ్ తీగల మీద తెచ్చుకోవడం. 2022లో కేంద్రం అర్హతను ఒక మెగావాట్ నుంచి 100 కిలోవాట్లకి దించింది కాబట్టి యూనివర్సిటీ స్థాయి క్యాంపస్‌కి అందుతుంది. అనంతపురం, కర్నూలు వైపు గాలిమరల కరెంటు కొనుక్కోవచ్చు. మన క్యాంపస్ మిద్దె మీద చిన్న గాలిమర పెడతామని వచ్చేవాళ్లతో మాత్రం కాలం వృథా. ఓపెన్ యాక్సెస్‌లో వీలింగ్ (తీగలు వాడుకున్నందుకు రుసుము), సర్‌ఛార్జీలు అన్నీ కలిపాక యూనిట్ ఎంతకి పడుతుందో రాతపూర్వకంగా తీసుకున్నాకే సంతకం పెట్టండి. అది కుదరకపోతే, గ్రీన్ టారిఫ్ కింద పునరుత్పాదక కరెంటే ఇవ్వమని డిస్కంనే అడగొచ్చు.

9. ఎవరు చూసుకుంటారు?

ప్లాంట్‌కి పేరుతో సహా ఒక మనిషి ఉండాలి. "ఎలక్ట్రికల్ డిపార్ట్‌మెంట్ చూసుకుంటుంది" అంటే ఎవరూ చూసుకోరని అర్థం. ఆ మనిషి రోజూ సాయంత్రం ఇన్వర్టర్ మీద యూనిట్లు నోట్‌బుక్‌లో రాయాలి. ఆకాశం నిర్మలంగా ఉండి, నిన్నటికంటే పది శాతం తగ్గితే మిద్దె ఎక్కాలి.

కడగడం నెలకి రెండుసార్లు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల వైపు అయితే వారానికోసారి. అక్కడ ప్యానెల్ మీద వేలితో గీస్తే గీత పడుతుంది, తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే గుడ్డ బూడిదరంగు పిండిలా అవుతుంది. బోరు ఉప్పునీళ్లతో కడిగితే ఆరాక తెల్లటి మచ్చలు గట్టిపడి గాజుని పట్టుకుంటాయి, మెత్తటి నీళ్లు వాడండి. తెల్లవారుజామునే కడగాలి. కాగిన గాజు మీద చల్లటి నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది, పైగా పగలు ఆ తీగల్లో కరెంటు ఉంటుంది.

ఏటా అక్టోబర్ మొదటి వారంలో, తుఫానుల సీజన్‌కి ముందు, ఇద్దరు మనుషులు టార్క్ రెంచ్ పట్టుకొని ప్రతి క్లాంపు బోల్టు బిగించి, బిగించిన దాని మీద మార్కర్‌తో గీత పెట్టాలి. గీత లేని బోల్టు కనపడితే ఆ వరస మొత్తం మళ్లీ చూడాలి. మాకు 400 ప్యానెళ్లకి ఈ పని ఒకటిన్నర రోజు పడుతుంది.